కెప్టెన్ గేల్ మాటలు

బుధవారం సాయంత్రం భోజనాలయ్యాక వంటింటి బల్ల తుడిచే పని నాది. ఒక్క తడి మరక కనిపించినా నాన్న సంచి విప్పేవాడు కాదు. "కారిన్, ఇదిగో ఇక్కడ ఈరీ సరస్సు ఉండిపోయింది," అని మా ఊరి సరస్సు పేరు చెప్పి వేలు పెట్టి చూపించేవాడు. నేను ముఖం మాడ్చుకుని మళ్లీ తుడిచేదాన్ని. తర్వాత అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బూషాకి కూడా మినహాయింపు లేదు. బూషా అంటే మా అమ్మమ్మ. వెన్నలో వేయించిన పిరోగీ కుడుములు తిన్న చేతుల్ని పావడాకి తుడిచేసుకుని, కడిగేశానని బుకాయించేది.

"అత్తయ్యా, చేతులు చూపించు."

"నేనేమన్నా చంటిపిల్లనా అల్లుడూ?"

"చంటిపిల్ల కడుక్కుంది. నువ్వే మిగిలావు."

అప్పుడు విప్పేవాడు సంచి. లోపల ఆ వారం వచ్చిన 'కెప్టెన్ గేల్' కొత్త సంచిక ఉండేది. కొత్త కామిక్స్ అన్నీ దుకాణాలకి బుధవారమే వస్తాయి. నాన్న రైలింజన్ల ఫ్యాక్టరీలో పని దిగి, పెట్రాకిస్ గారి దుకాణంలో మా కోసం తీసిపెట్టిన పుస్తకం పట్టుకుని ఇంటికొచ్చేవాడు. దాన్ని బల్ల మధ్యలో పరిచి, చుట్టూ చేరి, నాటకం ఆడినట్టు గట్టిగా చదువుకునేవాళ్లం. కెప్టెన్ గేల్ నాన్న. ఊరి మీదికి వచ్చే గాలివానల్ని రెండు చేతులతో ఆపే మనిషికి నాన్న గొంతు అతికినట్టు సరిపోయేది. సరస్సుని గడ్డకట్టించే మంచుదొరసాని బూషా. ఆవిడ ఆ నవ్వు నవ్విందంటే పక్కింటి కుక్క మొరగడం మొదలుపెట్టేది. కెప్టెన్ శిష్యురాలు పిప్, రివెట్ అనే మరమనిషి, రెండూ నావే. 'ఇంతలో ఓడరేవు దగ్గర' అంటూ పెట్టెల్లో రాసి ఉండేవి అమ్మవి. మా చెల్లెలు నాడీన్‌కి ఐదేళ్లు, చదవడం రాదు. అందుకని దానికి చప్పుళ్లు ఇచ్చాం. ఎర్రగా పెద్దగా రాసి ఉంటే ఢాం, పచ్చగా ఉంటే ఫట్, నీలంగా ఉంటే బుడుంగ్. వీధి చివరికి వినబడేట్టు అరిచేది.

మాకు ఒకే ఒక్క కట్టుబాటు ఉండేది. బొమ్మ పక్కన బుడగలో ఒకరి పాత్రకి రాసిన మాటలు ఇంకొకరు చదవకూడదు. మనిషి లేకపోతే పుస్తకం ఆగుతుంది. నాడీన్‌ని కనడానికి అమ్మ ఆసుపత్రికి వెళ్లినప్పుడు కొత్త సంచిక ఫ్రిజ్ మీద అలాగే పడుంది. అమ్మ తిరిగొచ్చాకే ముట్టుకున్నాం.

తొంభై మూడు ఏప్రిల్‌లో నాన్న గొంతులో కాన్సర్ అన్నారు. స్వరపేటిక మొత్తం తీసేశారు. మనిషి దక్కాడు. మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద తెల్లటి గుడ్డ. ఊపిరి అక్కడి నుంచే. గొంతు మాత్రం ఇక రాదని డాక్టర్లు ముందే చెప్పారు. చెప్పినంత తేలిగ్గా మేం వినలేదనుకోండి. ఇంటికొచ్చిన రోజు నాన్న నోరు కదిపితే ఏదో ఒకటి వస్తుందనే చూస్తూ కూర్చున్నాను. రాలేదు.

పరికరం ఒకటి ఇచ్చారు. చిన్న టార్చిలైటంత ఉంటుంది. దాన్ని దవడ కింద ఆనించి మీట నొక్కితే జుయ్యిమని మోగుతుంది. ఆ మోతని పెదవులతో మాటలుగా మలుచుకోవాలి. హెచ్చూ తగ్గూ ఉండదు, కోపమూ నవ్వూ అన్నీ ఒకే తీరున వస్తాయి. మాట నేర్పే ఆవిడ వారానికోసారి ఆసుపత్రిలో నేర్పేది. అక్కడ బాగానే పలికేవాడట.

ఇంట్లో మొదటిసారి వాడింది జూన్‌లో ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చాక. అమ్మ మొక్కజొన్న పొత్తులు ఉడకబెడుతోంది. నాన్న జేబులోంచి పరికరం తీసి, మాకేసి ఒకసారి చూసి, మెడకి ఆనించాడు.

"నా-డీన్. ఇ-లా. రా."

నాడీన్ కళ్లు ఇంతలు చేసుకుని నిలబడిపోయింది. బూషా చేతిలో గరిటె అలాగే పట్టుకుని, "యేసూ మేరీ!" అని అమ్మకేసి తిరిగింది. "ఇది అచ్చం రివెట్ గొంతే కదటే! ఒసే మార్లీన్, విన్నావా? ఇన్నాళ్లూ ఈ కారిన్ ముక్కుతో కూనిరాగాలు తీసేది, అసలు సిసలు మరమనిషి ఇప్పుడు దొరికాడు! అల్లుడూ, ఇకనుంచి రివెట్ నువ్వే. కెప్టెన్ సంగతి కావాలంటే నేను చూసుకుంటా."

అమ్మ పకపకా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వింది. నేను కూడా నవ్వి, "ఇచ్చేస్తా, రివెట్‌ని నాన్నకి ఇచ్చేస్తా," అన్నాను. నిజంగా మంచి ఆలోచనే అనిపించింది నాకు. దెబ్బ తగిలిన చోటికి సరిగ్గా సరిపోయే పాత్ర దొరికిందని అందరం సంబరపడ్డాం. మా ఇంట్లో దేనికైనా ముందు పాత్రే కదా వెతుకుతాం.

నాన్న కూడా నవ్వాడు. జేబురుమాలుతో పరికరాన్ని తుడిచి, వంటింటి సొరుగులో తువ్వాళ్ల కింద పెట్టి, పొత్తు అందుకున్నాడు. మళ్లీ తియ్యలేదు.

ఆ సాయంత్రం అమ్మ, బూషా అంట్లు తోముతుంటే విన్నాను.

"అమ్మా, అలా అనకుండా ఉండాల్సింది."

"ఏమన్నానే? నవ్వించాను. ఇంట్లో శవం లేచినట్టు కూర్చోమంటావా?"

"ఆయన కెప్టెన్ కదమ్మా."

బూషా పళ్లెం ఒకటికి రెండుసార్లు తోమింది.

అయినా బుధవారాలు ఆగలేదు. నాన్న పుస్తకం మధ్యలో పరిచాడు. కెప్టెన్ బుడగ వచ్చింది. ఎవరూ చదవరు. చదవకూడదు. అమ్మ నోరు తెరవబోయి మానుకుంది. అప్పుడు నాన్న ఆ మాటల కింద వేలు పెట్టి మెల్లగా జరిపాడు. అందరం మనసులో చదువుకున్నాం. చివరికి రాగానే బల్ల మీద వేలితో ఒకసారి తట్టాడు. నేను పిప్ మాటలు అందుకున్నాను. అలా కుదిరిపోయింది. తర్వాత్తర్వాత అదే అలవాటైంది. నాన్న ఒళ్లో కూర్చుని నాడీన్ ఆ వేలికేసే చూస్తుండేది. చప్పుడు వచ్చినప్పుడు మాత్రం, "ఢాం!"

బయట అలా కుదరలేదు. నాన్న మాటలన్నీ పిల్లల మాయపలక మీదికి వచ్చేశాయి. రాసి, పైన కాగితం లేపితే చెరిగిపోయే రకం, మంగలి దగ్గరికి వెళ్లినా అదే చంకలో. ఫోను మోగితే లేచి వెళ్లిపోయేవాడు. చర్చిలో వెనక బల్లకి మారాడు. దుకాణానికి వెళ్లడం మానేసి నన్ను సైకిల్ మీద పంపేవాడు. ఫ్యాక్టరీలో పని మాత్రం ఉంది. సెప్టెంబరులో సామాన్ల గది దగ్గరికి రమ్మన్నారు. "పిలిస్తే పలికితే చాలు లెన్, ఇంకేం అక్కర్లేదు," అన్నాడు పైఅధికారి ఇంటికొచ్చి. నాన్న పలక మీద 'సరే' అని రాశాడు. ఆయన వెళ్లాక కాగితం లేపేశాడు.

జూలై చివర్లో మాట నేర్పే ఆవిడ అమ్మని పక్కకి పిలిచింది. నేను తలుపు దగ్గర కుర్చీలోనే ఉన్నాను.

"ఇంట్లో వాడుతున్నారా?"

"లేదు."

"ఇక్కడ నాతో ఎంత మాట్లాడినా లాభం లేదమ్మా. ఇంట్లోవాళ్ల ముందు నోరు విప్పకపోతే బయట అసలే విప్పరు. కొందరు జీవితమంతా పలకతోనే లాగించేస్తారు. ఆయన అటే పోతున్నారు."

అమ్మ ఇంటికొచ్చాక సొరుగు తెరిచి, తువ్వాళ్లు తీసి, పరికరం పైకి కనిపించేట్టు పెట్టి మూసింది. మర్నాడు చూస్తే తువ్వాళ్లు మళ్లీ పైకొచ్చాయి. అమ్మ మళ్లీ సర్దింది. ఇద్దరూ ఆ ముక్క ఎత్తకుండా వారం పాటు అదే పని చేశారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఎవరో ఒకరు అరవొచ్చు కదా అనిపించేది. కానీ మా ఇంట్లో అరిచే మనిషే ఆ పని చెయ్యలేకుండా ఉన్నాడు.

ఆగస్టులో ఒక బుధవారం నా సైకిల్ గొలుసు తెగింది. అమ్మ బేకరీలో పనికి వెళ్లింది. బూషాకి మోకాళ్లు పట్టేశాయి. ఇక తప్పక నాన్న కారు తీశాడు. నాడీన్ కూడా ఎక్కింది.

పెట్రాకిస్ గారి దుకాణం మామూలుగానే పాత కాగితం వాసన కొడుతోంది. నాన్నని చూడగానే ఆయన బల్ల వెనక నుంచి బయటికొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. నాన్న తలూపాడు. ఇక ఏం మాట్లాడాలో పెట్రాకిస్ గారికి తోచలేదు. పాపం, ఆయన వాగుడుకాయ, ఎదుటి మనిషి పలకకపోతే ఊపిరాడదు. అందుకని వంగి నాడీన్‌ని పలకరించాడు.

"ఏం బుజ్జీ, ఎలా ఉన్నాడు మీ కెప్టెన్ గేల్?"

"బానే ఉన్నాడు," అంది నాడీన్. "కానీ ఇప్పుడు మాట్లాడడు."

"మాట్లాడడా? ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. నేనే చూశా. ముందు మాట్లాడేవాడు. ఈ ఎండాకాలం నుంచి మానేశాడు. పిప్ అడుగుతుంది, ఈయన ఊరుకుంటాడు. మంచుదొరసాని తిడుతుంది, ఊరుకుంటాడు. తర్వాత అందరూ కొట్టుకుంటారు."

పెట్రాకిస్ గారు గలగలా నవ్వాడు. కొత్త సంచిక తీసి పేజీ తిప్పి చూపించాడు. "ఇదిగో చూడు తల్లీ, బుడగ నిండా మాటలే! వీడికి ఉన్నంత నోరు ఈ దుకాణంలో ఇంకెవడికీ లేదు."

నాడీన్ ఆ పేజీని శ్రద్ధగా చూసింది. పెద్దవాళ్లకి కూడా కొన్ని తెలియవు అన్నట్టు, ఓపిగ్గా చెప్పింది.

"అవి మాటలు కాదు. మాటలైతే వినపడతాయి కదా."

పెట్రాకిస్ గారి నవ్వు ఆగిపోయింది. నాన్నకేసి చూసి, వెంటనే చూపు తిప్పుకుని, మూలనున్న పెట్టెల దగ్గరికి వెళ్లి వెతకడానికి ఏమీ లేని చోట వెతకడం మొదలుపెట్టాడు. మేం నలుగురం చదవడం వచ్చినవాళ్లం. ఆ వేలు కదులుతుంటే మాకు కథ నడిచిపోయింది. దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఎండాకాలమంతా దానికి ఒక మూగవాడి కథ చెప్పామని మాలో ఒక్కరికీ తట్టలేదు.

నాన్న పుస్తకాన్ని సంచిలో పెట్టుకున్నాడు. నాడీన్ వేలు పట్టుకున్నాడు. దారిలో ఎర్రదీపం పడితే ఆగాడు, పచ్చదీపం పడితే కదిలాడు. ఏమీ జరగనట్టే ఉంది. ఇంటి ముందు కారాపి, తాళం తియ్యకుండా కాసేపు కూర్చున్నాడంతే. "నాన్నా, పాస్ వస్తోంది," అని నాడీన్ గోల పెడితే దిగాడు.

ఆ సాయంత్రం చేప వేపుడు, ఉడకబెట్టిన బంగాళాదుంపలు. కిటికీలోంచి ఎండ ఇంకా బల్ల మీద పడుతూనే ఉంది. నేను తుడిచాను. చేతులు కడుక్కున్నాం, బూషా కూడా కడిగేశానంది. నాన్న సంచి విప్పి పుస్తకం పరిచాడు. నాడీన్ ఒళ్లోకెక్కింది.

మొదటి పెట్టె అమ్మది. "తుఫాను ఊరిని చుట్టుముట్టి మూడో రోజు. ఓడరేవు దీపం ఆరిపోయింది."

పిప్ నేను. "కెప్టెన్! మంచుదొరసాని వంతెన మీదుంది! ఇప్పుడేం చేద్దాం?"

తర్వాతి బుడగ కెప్టెన్ గేల్‌ది. నాన్న వేలు పెట్టలేదు. నాడీన్‌ని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి, లేచి, సొరుగు దగ్గరికి వెళ్లాడు. తువ్వాళ్లు పక్కకి జరిపిన చప్పుడు వినిపించింది. అమ్మ రెండు చేతులూ ఒడిలోకి లాక్కుంది. నాన్న తిరిగొచ్చి కూర్చుని, నాడీన్‌ని మళ్లీ ఒళ్లోకి తీసుకుని, పరికరం దవడ కింద ఆనించాడు. మొదటిసారి సరిగ్గా ఆనలేదు, ఉత్త మోత వచ్చింది. కొంచెం జరిపాడు.

"వెన-క్కి. తగ్గు. పిప్. ఇది. నా. పని."

జుయ్యిమనే మోతలో, ఒకే తీరున, ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఏ గాలివానా ఆ గొంతుకి ఆగదు. నేను పిప్ మాటలు మర్చిపోయి నోరెళ్లబెట్టుకుని కూర్చున్నాను.

నాడీన్ తల వెనక్కి వాల్చి నాన్న మెడకేసి చూసింది, పేజీకేసి చూసింది, మళ్లీ మెడకేసి చూసింది.

"కెప్టెన్ మాట్లాడాడు," అంది.

"ఊ. మాట్లాడాడు," అన్నాను నేను.

"మరి పోయిన బుధవారం ఏమన్నాడు? పిప్ నీళ్లలో పడ్డప్పుడు?"

నన్ను కాదు అడిగింది. నాన్నని. దానికి జవాబు ఎదురుగా ఉన్న పేజీలో లేదు. ఆసుపత్రిలో మాట నేర్పే ఆవిడ సాధనకి ఇచ్చిన కాగితంలోనూ లేదు. పలక చేతికందేంత దూరంలోనే, వెన్న గిన్నె పక్కన ఉంది. బూషా దానికేసి చూడటం నేను చూశాను. నాన్న పరికరాన్నే ఆనించాడు.

"జా-గ్రత్త. అన్నాడు. వాడు. ఎప్పుడూ. అదే. అంటాడు."

"అంతేనా!" అంది నాడీన్. ఎండాకాలమంతా ఎదురుచూసినదానికి అది చాలా తక్కువనిపించింది దానికి.

బూషా ముక్కు చీదింది. కళ్లద్దాలు తీసి పావడాకి తుడుచుకుంది. నోరు ఊరుకుంటే బూషా ఎలా అవుతుంది? "వినడానికి మాత్రం రేకు డబ్బాలో కందిరీగని వేసినట్టుంది అల్లుడూ," అంది.

అమ్మ, "అమ్మా!" అని కసిరింది. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. జూన్ నెల నాటి ఆదివారం మళ్లీ వచ్చిందనుకున్నాను.

నాన్న పరికరాన్ని కిందికి దించాడు. బూషాకేసి తీరిగ్గా చూశాడు. మళ్లీ పైకెత్తాడు.

"నీ. నవ్వు. కంటే. నయం. అత్త-య్యా. చేతులు. చూపించు."

బూషా పెద్దగా ఏడ్చేసింది. ఏడుస్తూనే రెండు చేతులూ బల్ల మీదికి చాపింది. వేళ్ల సందుల్లో చేప వేపుడు నూనె మెరుస్తోంది. నాన్న భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. ఆ నవ్వుకి చప్పుడు లేదు, మెడ దగ్గర గుడ్డ మాత్రం ఎగిరెగిరి పడుతోంది. బూషా సింకు దగ్గరికి వెళ్లి, సబ్బుతో బుద్ధిగా కడుక్కుని వచ్చి కూర్చుంది.

నాన్న పేజీ తిప్పాడు. పైన పసుప్పచ్చ పెట్టె ఉంది. 'ఇంతలో' అని మొదలవుతుంది. అది అమ్మది.

అమ్మ పుస్తకంలోకే చూస్తోంది. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. గడ్డం మీది నుంచి ఒక చుక్క బల్ల మీద పడింది. నేను తుడవలేదు. నాన్నా ఏమీ అనలేదు. బూషా నోరు తెరవబోయి మూసుకుంది. అందరం చేతులు కట్టుకుని కూర్చున్నాం.

కాసేపు చూసి నాడీన్ అమ్మ మోచేతిని పొడిచింది.

"అమ్మా, నీ వంతే."